గేదె, బ్రేకు, ఇంటర్ ఫిజిక్స్

నిన్న సాయంత్రం బైపాస్ మీద 80లో వస్తున్నా. ఎక్కడి నుంచి ఊడిపడిందో ఓ గేదె, తాపీగా రోడ్డుకి అడ్డంగా నిలబడింది. రెండు బ్రేకులూ పట్టేశా. బండి ఆగేసరికి ముందు చక్రానికీ దాని పొట్టకీ మధ్య మూరెడు కూడా లేదు, అదేమో నెమరేస్తూ నన్నే చూస్తోంది.

ఇంటికొస్తే మా అమ్మాయి ఫస్టియర్ పుస్తకం ముందేసుకుని ఘర్షణ లెక్కలు చేస్తోంది. సంగతి చెప్తే అయ్యో అనలేదు, పెన్ను తీసింది. బండికున్న గతిశక్తి అర ఎం వి స్క్వేర్ (ఎం అంటే బండీ మనుషులూ కలిపిన ద్రవ్యరాశి, వి అంటే వేగం), దాన్ని రోడ్డు ఘర్షణే తినెయ్యాలి, అది మ్యూ ఎం జి ఇంటూ దూరం (మ్యూ అంటే టైరుకి రోడ్డు మీద ఎంత పట్టుందో చెప్పే ఘర్షణ గుణకం, జి అంటే గురుత్వ త్వరణం) అంటూ రెండూ సమానం చేసేసరికి ఎం రెండువైపులా కొట్టేసుకుపోయింది. వెనక మీ అమ్మ కూర్చుంటే బండి ఆగదే అని ఇన్నాళ్లూ చెప్పుకున్న వంక కూడా దాంతోనే పోయింది (బ్రేకులు బాగుంటేనే అనుకోండి).

మ్యూ 0.7 వేసుకుంటే 40లో 9 మీటర్లలో ఆగే బండికి 80లో 36 మీటర్లు కావాలట. స్పీడు రెట్టింపైతే దూరం నాలుగింతలు! పైగా నేను గేదెని చూసి తేరుకునే ఒక్క సెకనులోనే ఇంకో 22 మీటర్లు హారతి.

ఇదే లెక్క నేనూ ఒకప్పుడు బట్టీ కొట్టి రాశా, మార్కులు కూడా పడ్డాయి. అప్పుడు అందులో గేదె లేదు.

"నాన్నా, తగిలుంటే ఎంత ఫోర్స్ వచ్చేదో కూడా చెయ్యనా?" అంది.

అన్నం తిందాం పదమ్మా అన్నా.