నేను రోబోను కాదు: ఒక కోల్డ్ స్టోరేజీ నెట్‌వర్క్‌తో నా అనుభవం

"ఏమయ్యా, నేను మనిషినో కాదో గూగుల్‌కి అనుమానం వచ్చింది. పొద్దున్నించి ట్రాఫిక్ లైట్ల బొమ్మలు ఏరి చూపిస్తున్నా" అని ఫోన్ చేశారు గుమాస్తా గారు.

గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ అది. ఆఫీసులో తొమ్మిది కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఆవరణంతా పదహారు కెమెరాలు. ఇలాంటి చిన్న ఆఫీసుల నెట్‌వర్క్‌లు అరడజను దాకా చూసుకోవడం నా పని. అక్కడ నెల రోజులుగా ఇదే గోల. ఏది వెతికినా 'నేను రోబోను కాదు' దగ్గర టిక్ పెట్టమంటుంది. మధ్యాహ్నానికి నెట్ నత్తనడక. ఈ-వే బిల్లు రాక సరుకెక్కిన లారీలు గేటు దగ్గరే ఆగిపోతున్నాయి. రూటర్ ఆపి ఆన్ చేస్తే ఓ గంట బాగుంటుంది, ఆ తర్వాత మామూలే. నాలుగుసార్లు వెళ్ళి రూటర్ ఆపి ఆన్ చేసి పెట్రోలు డబ్బులు తీసుకున్న మాట నిజం, దాచను.

ఐదోసారి సిగ్గేసింది. పాత డెస్క్‌టాప్ ఒకటి మూల పడి ఉంటే, రెండో ల్యాన్ కార్డు బిగించి అందులో పీఎఫ్‌సెన్స్ ఎక్కించాను. ఉచితంగా దొరికే ఫైర్‌వాల్ అది, అంటే నెట్‌వర్క్ గుమ్మం దగ్గర కాపలాదారు. లోపలికొచ్చేదీ బయటికెళ్ళేదీ దాని గుండానే పోవాలి, ప్రతిదీ లాగ్‌లో, అంటే రాకపోకల చిట్టాలో, పడాలి అని నా ఆలోచన. "ఏమైనా చేసుకో, నా ఫోన్‌లో కెమెరాలు మాత్రం ఆగకూడదు" అన్నారు ఓనరు గారు. కెమెరాలు బిగించిన కుర్రాడు పాత రూటర్‌లో డీవీఆర్‌ని, అంటే కెమెరాల రికార్డింగ్ డబ్బాని, డీఎంజడ్ అనే కాపలాలేని చోట పెట్టి పోయాడు. అంటే బయటినుంచి ఏ పోర్టు (నంబరేసిన తలుపు లాంటిది) మీద ఏమొచ్చినా నేరుగా ఆ పెట్టెకే పోతుంది. నేనూ ఎక్కువ ఆలోచించకుండా అదే రూల్‌ని కొత్తదాంట్లోకి దించేశాను. రికార్డింగ్ డబ్బాని ఎవడేం చేస్తాడులే అనుకున్నాను.

ఆ సాయంత్రం లాగ్ తెరిస్తే గుండె జారిపోయింది. లైన్లు పరుగెత్తుతున్నాయి. ఒక్కో లైనులో టైము, తలుపు తట్టిన ఐపీ (నెట్‌లో వాడి అడ్రసు), తట్టిన పోర్టు. 23, 22, 445, 3389, మళ్ళీ 23. ఎక్కడెక్కడి దేశాలో. మిరపకాయల గోడౌను మీద ఇంతమందికి కన్నేంటి అని టెన్షన్ పట్టుకుంది. రాత్రి పదకొండు దాకా ఐపీలు నోటుపుస్తకంలో రాసుకుంటూ, ఒక్కో దేశాన్నీ బ్లాక్ చేసుకుంటూ కూర్చున్నాను. ఒకటి ఆపితే ఇంకో రెండు వచ్చాయి.

నా భయం తీర్చింది ఇంటర్నెట్ స్టార్మ్ సెంటర్. సైబర్ భద్రత నేర్పే అమెరికాలోని సాన్స్ సంస్థ దాన్ని నడుపుతుంది. 2000లో మొదలైన డీషీల్డ్ అనే ప్రాజెక్టు ద్వారా ప్రపంచం నలుమూలల వాలంటీర్లు తమ ఫైర్‌వాల్ లాగ్‌లు అక్కడికి పంపుతుంటారు. పోర్టు నంబరు కొడితే చాలు, ఆ రోజు దాన్ని ఎంతమంది తట్టారో గ్రాఫ్ వస్తుంది. 23 కొట్టి చూశాను. నాకు తగిలిందే అందరికీ తగులుతోంది. ఐపీవీ4 పద్ధతిలో నెట్ అడ్రసులన్నీ కలిపినా సుమారు 429 కోట్లే. మంచి లైన్ ఉంటే ఒక్క పోర్టు కోసం అన్నిటినీ ముప్పావుగంటలో తట్టి రావచ్చని అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు 2013లోనే జీమ్యాప్ అనే టూల్‌తో చేసి చూపించారు. అంటే ఎవడూ మా గోడౌన్ని పనిగట్టుకుని వెతకలేదు, వీధి పొడుగునా అన్ని తలుపులూ లాగి చూస్తూ పోతున్నారు. విండోస్ కంప్యూటర్లు ఫైళ్ళు పంచుకునే 445ని ఊరికే తట్టడంలేదని మాత్రం గుర్తుంది. 2017 మే 12న ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వన్నాక్రై పురుగు వ్యాపించింది ఆ దారినే. దానికి మందు మార్చి 14నే మైక్రోసాఫ్ట్ ఇచ్చింది, వేసుకోనివాళ్ళు బలయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు ఆఫీసుల కంప్యూటర్లు కూడా అప్పుడు చిక్కుకున్నాయి.

అసలు సంగతి బయటపడింది ఆదివారం నాడు. ఆఫీసు మూసి ఉంది. కంప్యూటర్లన్నీ ఆపేసి ఉన్నాయి. ఇంటి దగ్గర టీ తాగుతూ లాగ్‌లోకి వెళ్ళి, ఈసారి లోపలినుంచి బయటికి పోయేవి మాత్రమే చూపించమన్నాను. నిశ్శబ్దంగా ఉండాలి కదా. లైన్లు ధారగా కారుతున్నాయి. అన్నీ ఒక్క అడ్రసు నుంచే, 192.168.1.37. అన్నీ 23వ పోర్టుకే. పోయే ఊళ్ళు మాత్రం క్షణానికొకటి. మా లోపల ఎవడో ఊరి తలుపులన్నీ తడుతున్నాడు! మా ఐపీ నుంచి వచ్చినవాళ్ళని గూగుల్ రోబోలా అని అడిగిందంటే అడగదా మరి. ఇన్ని కనెక్షన్లు గుర్తుపెట్టుకోలేక పాత రూటర్ మూర్ఛపోయేది, ఆపి ఆన్ చేస్తే తేరుకునేది.

37 ఎవరో తేల్చడానికి మ్యాక్ అడ్రసులో (ప్రతి పరికరానికీ తయారీలోనే వేసే గుర్తింపు నంబరు) మొదటి ఆరు అక్షరాలు చాలు. ఏ కంపెనీ తయారీయో వాటినిబట్టి తెలుస్తుంది. తీరా చూస్తే డీవీఆర్. మొదటిరోజు లాగ్ మళ్ళీ తీశాను. ఆ లైన్ల పక్కన ఉన్నవి ఎర్ర క్రాసులు కావు, ఆకుపచ్చ టిక్కులు. ఆపలేదు, లోపలికి పంపించాను అని ఫైర్‌వాల్ మొదటిరోజే చెప్పింది. నేను దేశాల పేర్లు చదువుతూ టిక్కు రంగు చూడలేదు.

సోమవారం వెళ్ళి డీవీఆర్ ప్లగ్ పీకి మళ్ళీ పెట్టాను. ధార ఆగింది. గుమాస్తా గారు టీ తెప్పించారు. పదకొండో నిమిషంలో మళ్ళీ మొదలైంది. ఇది మిరాయ్ జాతి పురుగు తీరు. 2016లో బయటపడింది మిరాయ్. అరవై చిల్లర యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల లిస్టు పట్టుకుని కెమెరాలు, డీవీఆర్‌లు, రూటర్లలో దూరుతుంది. మెమొరీలోనే బతుకుతుంది కాబట్టి కరెంటు తీస్తే చస్తుంది, తలుపు తెరిచే ఉంటే ఇంకో చోటినుంచి తిరిగొస్తుంది. ఆ ఏడు అక్టోబర్ 21న వెబ్‌సైట్ల పేర్లకి ఐపీ అడ్రసులు చెప్పే డిన్ అనే కంపెనీ మీద దీన్ని వదిలితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి మొరాయించాయి. దీన్ని రాసింది మైన్‌క్రాఫ్ట్ అనే ఆట సర్వర్ల పోటీలో పడ్డ కుర్రాళ్ళు.

పాస్‌వర్డ్ మార్చాను. మళ్ళీ వచ్చింది. ఇక్కడ బుర్ర వేడెక్కింది. స్క్రీన్ మీద మనం మార్చేది కెమెరాలు చూసే పాస్‌వర్డ్. లోపల టెల్నెట్‌కి (23వ పోర్టు మీద దూరంనుంచి పెట్టెలోకి వెళ్ళే పాత పద్ధతి) వేరే పాస్‌వర్డ్ ఫ్యాక్టరీలోనే కాల్చి పెట్టి ఉంటుంది కొన్ని చౌక డీవీఆర్‌లలో, దాన్ని మార్చే దారే ఉండదు. ఇక తలుపే మూసేశాను. డీఎంజడ్ రూల్ తీసేశాను, యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే పోర్టులు తెరిపించుకునే ఏర్పాటు) ఆఫ్ చేశాను, కెమెరాలన్నిటినీ వేరే వీల్యాన్‌లోకి, అంటే విడి నెట్‌వర్క్‌లోకి, తోసి బయటికి పోకుండా కట్టేశాను. ఆ తర్వాతే ప్లగ్ పీకి మళ్ళీ పెట్టాను. పదకొండు నిమిషాలు కాదు, సాయంత్రం దాకా కూర్చున్నాను. రాలేదు.

ఓనరు గారి ఫోన్‌లో వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తాళమున్న దారి) పెట్టాను. కెమెరాలు చూడాలంటే ముందు ఆ మీట నొక్కాలి. "ఇంతకుముందు ఒక్క నొక్కుకే వచ్చేది కదయ్యా" అని ఇప్పటికీ గొణుగుతారు. వారం దాటాక గుమాస్తా గారే ఫోన్ చేసి, "నన్ను మనిషి కిందే లెక్కేశారు" అన్నారు.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు నేను చదివింది ఇదంతా అయ్యాకే. ఇలాంటివి తెలిసిన 6 గంటల్లో వాళ్ళకి చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. ఆలస్యంగానే అయినా మెయిల్ పెట్టాను. లాగ్‌ల కోసం ఇంకో హార్డ్ డిస్క్ కొనిపించాను. దానికి ఓనరు గారిని ఒప్పించడం పురుగుని పట్టడంకంటే కష్టమైంది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఇరవై నిమిషాలు దీనికే. లోపలికొచ్చే వానని పెద్దగా పట్టించుకోను. బయటికి ఎక్కువ పంపుతున్నదెవరు, జాబితాలో కొత్త మ్యాక్ అడ్రసు ఏదైనా చేరిందా, ఆకుపచ్చ టిక్కులు ఎక్కడున్నాయి, ముందు ఇవి చూస్తాను. తర్వాత స్టార్మ్ సెంటర్‌లో ఆ రోజు డ్యూటీ వాలంటీర్ రాసిన డైరీ.

మొన్న ఆదివారం జాబితాలో ఎప్పుడూ చూడని అడ్రసు ఒకటి కనబడింది. గుమాస్తా గారికి ఫోన్ చేశాను. లారీ కాటాకి కొత్తగా వైఫై పెట్టించారట, తూకం నేరుగా ఫోన్‌లోకే వస్తుందట.

"పాస్‌వర్డ్ ఏం పెట్టారండీ?" అని అడిగాను.

"ఏమోనయ్యా, ఆ బిగించిన కుర్రాడినే అడగాలి" అన్నారు.