"పుట్టగానే ఏడ్చిందా?" అనే ప్రశ్నకు మా జవాబు

దత్తత తీసుకున్న పాప ఇంటికొచ్చి మొన్నటికి మూడు నెలలు. వచ్చేటప్పటికి 14 నెలల బిడ్డ. కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నా.

కాగితాల పని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా పోర్టల్‌లో నమోదు, ఇంటికొచ్చి చేసే విచారణ, ఏళ్ల ఎదురుచూపు, అందరిదీ ఒకటే కథ. బిడ్డ వివరాలు వచ్చాక 48 గంటల్లో రిజర్వు చేసుకోవాలి, ఒప్పుకోలు చెప్పడానికి 30 రోజులుంటాయి. ఆ గడువులో మెడికల్ రిపోర్టును మనకు నమ్మకమున్న పిల్లల డాక్టరుకు చూపించుకోవచ్చు. ఒక్కటి ముందే తెలుసుకోండి: 18 నెలల లోపు బిడ్డకు హెచ్ఐవీ యాంటీబాడీ పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు. కన్నతల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు అప్పటిదాకా రక్తంలో ఉండొచ్చు. తేల్చాల్సింది నేరుగా వైరస్‌నే వెతికే పీసీఆర్ పరీక్ష. ఇది తెలియక బిడ్డను వద్దనుకుంటే అంతకన్నా పాపం లేదు.

శిశుగృహ నుంచి తెచ్చుకునే రోజు ఫొటోల హడావిడి మానేసి ఆయమ్మ పక్కన అరగంట కూర్చోండి. ఏ పాలపొడి, ఎన్ని నీళ్లకు ఎన్ని చెంచాలు, ఏ వేళకు, జో కొడతారా ఊపుతారా, ముద్దుగా ఏమని పిలుస్తారు, అన్నీ రాసుకోండి. పాప కప్పుకునే దుప్పటి ఒకటి ఉతక్కుండా ఇమ్మని అడగండి. మొదటి వారం మా పాపను నిద్రపుచ్చింది మేం కాదు, ఆ వాసన. నడుము కింద నీలం మచ్చలుంటే ఆ రోజే ఫొటో తీసి, డాక్టరుతో చీటీ మీద రాయించుకోండి. అవి పుట్టుకతో వచ్చేవే, కానీ రేపు ఎవరైనా చూసి దెబ్బలనుకుంటారు.

ఇక ఆసుపత్రి. పేరు చెప్పను. కౌంటర్లో "కాన్పు ఎక్కడమ్మా? నార్మలా, ఆపరేషనా?" అన్నారు. దత్తత తీసుకున్నామని చెప్పా. ఆ అమ్మాయి తలెత్తి, వెనక వరసంతా వినేలా "ఓ, తెచ్చుకున్న పాపా!" అంది. మింగేశా. లోపల జూనియర్ డాక్టరమ్మ ఫారం తీసి మొదలుపెట్టింది. పుట్టగానే ఏడ్చిందా? పుట్టినప్పుడు బరువెంత? ఎన్నాళ్లు పాలిచ్చారు? మళ్లీ చెప్పా. గడి ఖాళీగా వదలడానికి ఆమెకు మనసొప్పలేదు. మా ఆయన వైపు తిరిగి "మీది మేనరికమా సార్? ఇంట్లో షుగరు, ఆస్తమా ఎవరికైనా ఉన్నాయా?" అంది. అడిగితే చెప్పే మనిషి, చెప్పేశాడు. ఇంటికొచ్చి కేసు షీటు చూస్తే పాప పేరు కింద: మేనరికం లేదు, నాన్నమ్మకు షుగరు, తాతకు ఆస్తమా. మా అత్త షుగరు పాపకెలా వస్తుంది?

నవ్వి ఊరుకునే తప్పు కాదిది. 'మేనరికం లేదు' అని ఉంటే, రేపు ఎదుగుదలలో తేడా కనిపించినా ఇంకో డాక్టరు జన్యు జబ్బుల వైపు చూడకపోవచ్చు. 'తాతకు ఆస్తమా' చూసి మామూలు దగ్గుకూ ఇన్‌హేలర్ రాయొచ్చు. ఖాళీ గడి కంటే తప్పుడు గడి ప్రమాదం. మర్నాడు పోయి ఆ మూడూ కొట్టేయించి, 'తెలియదు' అని రాయించి, పక్కన సంతకం పెట్టించా. రెండు గంటలు పట్టింది. "ఇంత చిన్నదానికి ఎందుకమ్మా" అని ముగ్గురు అన్నారు. మీరు ఇంట్లోనే ఒక తెల్లకాగితం మీద తెలిసినవి ఒకవైపు, తెలియనివి ఒకవైపు రాసుకెళ్లి, కౌంటర్లో నోరు తెరవకుండా అది చేతికివ్వండి.

తర్వాత వేరే డాక్టరు దగ్గరికి మారాం. ఆ పెద్దాయన మా కాగితం తీసుకుని, 'తెలియదు' అన్న ప్రతిదానికీ ఎదురుగా ఒక పరీక్ష రాశారు. పుట్టగానే ఏడ్చిందో లేదో తెలియదు: వినికిడికి బెరా, ఎదుగుదల అంచనా. నెలలు నిండాయో లేదో తెలియదు: కంటి డాక్టరుతో రెటీనా. తల్లి ఆరోగ్యం తెలియదు: హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్‌కు వీడీఆర్ఎల్ మళ్లీ ఇప్పుడోసారి, హెపటైటిస్ బి 6 నెలలకు ఇంకోసారి. పుట్టినప్పుడు థైరాయిడ్ చూశారో లేదో తెలియదు: టీఎస్‌హెచ్. వంశంలో రక్తజబ్బులు తెలియవు: హిమోగ్లోబిన్ రకాలు చూసే హెచ్‌పీఎల్‌సీ. డాక్టరంటే అదీ. రక్తం పరీక్షలన్నీ ఒకే చీటీ మీద రాయించుకుని ఒకే సూదితో తీయించండి. మొదటిచోట విడివిడిగా రాసినందుకు బిడ్డను రెండుసార్లు పొడిచారు. మలం మాత్రం వేరువేరు రోజుల్లో మూడుసార్లు ఇవ్వాలి, పేగుల్లో చేరే జియార్డియా అనే పరాన్నజీవి ఒక్కసారికి దొరక్కపోవచ్చు.

టీకా కార్డుకు ఒక పూట పోయింది. తేదీలన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేత్తో రాసినట్టున్నాయి. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ రెండో డోసుకూ మూడో డోసుకూ మధ్య సరిగ్గా ఏడు రోజులు. కనీసం 4 వారాలుండాలి, కాబట్టి ఆ మూడోది లెక్కలోకి రాదు. ఒకరేమో "అన్నీ మొదటి నుంచి వేద్దాం" అన్నారు, ఒకరేమో "కార్డులో ఉందిగా, వదిలేయండి" అన్నారు. రెండూ తప్పే. టీకాలు ఎక్కడ ఆగితే అక్కడి నుంచి కొనసాగిస్తారు, వెనక్కి పోరు. ఏడాది లోపు ఒక్క డోసు పడినా ఏడాది దాటాక పెంటావాలెంట్ పూర్తి చేయొచ్చు. భుజం మీద టీబీకి వేసే బీసీజీ టీకా మచ్చ లేదని మళ్లీ పొడిపించుకోకండి, మచ్చ లేకున్నా రెండోసారి అక్కర్లేదు. టీబీ ఉందేమో చూసే మాంటూ చర్మపరీక్ష, తట్టు-రుబెల్లాలకు వేసే ఎంఆర్ టీకా రెండూ చేయాల్సి ఉంటే ఒకే రోజు కానిచ్చేయాలి, లేదా టీకా వేశాక 4 వారాలు ఆగాలి. టీకా పడిన కొత్తలో మాంటూ తప్పుగా నెగెటివ్ రావొచ్చు. మాంటూ చేయించాక 48 నుంచి 72 గంటల మధ్య చేయి చూపించాలి, కాబట్టి శుక్రవారం చేయించుకుని ఆదివారం ఓపీ లేదని తలపట్టుకోకండి.

పాప బరువు 7.2 కిలోలు, హిమోగ్లోబిన్ 8.6. కిలోకు 3 మిల్లీగ్రాముల లెక్కన రోజుకు 21.6 మిల్లీగ్రాముల ఐరన్. సీసా మీద 'ఎలిమెంటల్ ఐరన్' అని రాసిన అంకె చూసే కొలవండి, ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. పాలతో కలపొద్దు, బత్తాయి రసంతో ఇవ్వండి. మలం నల్లగా వస్తుంది, కంగారొద్దు. నులిపురుగులకు ఆల్బెండజోల్ ఏడాది దాటి రెండేళ్ల లోపు సగం మాత్ర, 200 మిల్లీగ్రాములు, నలిపి నీళ్లలో. మన చిత్తూరు వైపు చుట్టాలకు బిడ్డ బక్కగా కనిపిస్తే చాలు, "పాలు పట్టు, పాలు పట్టు" అంటారు. ఈ వయసులో రోజుకు అర లీటరు దాటితే ఐరన్ ఇంకా పడిపోతుంది. పాలు తగ్గించి రాగిజావ, పప్పన్నం, గుడ్డు పెట్టాం. నెలకు హిమోగ్లోబిన్ 9.9 అయింది. మామూలుకు వచ్చాక కూడా రెండు మూడు నెలలు ఆపకూడదట.

మొదటి పది రోజులు పాప ఏడవలేదు. చుట్టాలంతా "ఎంత బుద్ధిమంతురాలో" అని మెచ్చుకున్నారు, ఏ ఆడమనిషి చెయ్యి చాపినా చంకెక్కేది. అది బుద్ధి కాదు. ఏడిస్తే ఎవరూ రారని నేర్చుకున్న బిడ్డ ఏడవదు. అందుకే నెలరోజులు తినిపించడం, స్నానం, ఎత్తుకోవడం మేమిద్దరమే, ఎత్తుకోవడం మాత్రం మొదటి రెండు వారాలు నేనొక్కదాన్నే. మా అత్తతో సహా మిగతావాళ్లంతా పక్కన కూర్చుని మాట్లాడాల్సిందే. ఈ మాట చెప్పినందుకు నాకు పొగరని పేరొచ్చింది. తిండికీ అంతే. గిన్నె ఖాళీ చేసినా నోరు తెరిచే ఉంచేది, చివరి ముద్ద గంటసేపు బుగ్గలో దాచుకునేది. లాక్కోకండి, తిట్టకండి. రెండున్నర గంటలకోసారి కొంచెం కొంచెం పెడుతూ, కనబడేచోట ఒక ఇడ్లీ ముక్క ఉంచండి. మాకు ఆరో వారానికి దాచడం ఆగింది. పడుకోబెట్టే ముందు మాత్రం వేలితో బుగ్గ తడిమి చూసుకోండి, గొంతుకు అడ్డం పడొచ్చు.

ఆయమ్మల చేతుల్లో పెరిగిన బిడ్డ కదా, మగవాళ్లను, అందులోనూ మీసాలను చూస్తే బిగుసుకుపోయేది. మా ఆయన రెండు వారాలు ఎత్తుకోలేదు. నేల మీద, పాపకు వీపు చూపిస్తూ కూర్చుని స్టీలు గ్లాసులు ఒకదానిలో ఒకటి పెట్టేవాడు. పదకొండో రోజు మూడో గ్లాసు తనే తెచ్చి ఇచ్చింది.

తలనీలాలకు కొండకు పోదామని మా అత్త మొదటి వారం నుంచీ పోరుతోంది. అంత జనంలోకి ఇప్పుడే వద్దని పెద్దాయన అన్నారు. మిగిలిన పెంటావాలెంట్, ఎంఆర్ అయ్యాయి, ఇప్పుడు పరవాలేదన్నారు. నిన్న మా అత్త ఎవరింటికో పోతూ పాపను ఎత్తుకోబోతే, నా చీర కుచ్చిళ్లు పట్టుకుని వీధి చివరికి వినబడేలా ఏడ్చింది. ఆమె మొహం చిన్నబుచ్చుకుంది. నాకు మాత్రం ఆ పూట ఇంకే పనీ తోచలేదు.