మా కోచ్, మా నాన్న

అమెరికాలోని కలమజూలో చదివే రోజుల్లో స్నేహితుడు లాసన్ అరీనాకి లాక్కెళ్తే మొదటిసారి ఐస్ హాకీ చూశాను. కర్రలతో కొట్టే ఆ చిన్న బిళ్ల, పక్, ఎటు పోతోందో కూడా అర్థం కాలేదు.

2025 ఏప్రిల్ 12న సెయింట్ లూయిస్‌లో మా వెస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ జట్టు 6-2తో బోస్టన్ యూనివర్సిటీని ఓడించి కాలేజీ ఐస్ హాకీలో తొలిసారి జాతీయ ఛాంపియన్ అయింది. అంతకు రెండు రోజుల ముందు సెమీస్‌లో డెన్వర్‌తో రెండో ఓవర్‌టైమ్ దాకా వెళ్లింది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఫైనల్లో మాత్రం నా కళ్లన్నీ కోచ్ పాట్ ఫెర్ష్‌వైలర్ మీదే. ఒకప్పుడు ఇదే కాలేజీకి ఆడారు. తర్వాత కాన్సస్ సిటీ బ్లేడ్స్ లాంటి మైనర్ లీగ్ జట్లలో ఏళ్ల తరబడి ఆడినా, అక్కడి అత్యున్నత ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ దక్కలేదు. ఆటగాడిగా తెరుచుకోని ఆ తలుపు ఎన్‌హెచ్‌ఎల్ జట్టు డెట్రాయిట్ రెడ్ వింగ్స్‌కి అసిస్టెంట్ కోచ్‌గా తెరుచుకుంది. అయినా మళ్లీ కాలేజీకే వచ్చేశారు. 2021లో హెడ్ కోచ్ అయ్యారు.

మా నాన్న జిల్లా స్థాయి కబడ్డీ ఆటగాడు. రాష్ట్ర జట్టులోకి రాలేదు. ముప్పై ఏళ్లు పీఈటీ సారుగా పిల్లల్ని ఆడించారు. ఆ రాత్రి ఫోన్ చేసి ఈ కోచ్ కథంతా చెప్పాను.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు, "గెలిచాక పిల్లలు ఆయన్ని ఎత్తుకున్నారా?"