వాక్కాయల రోజులు

ఆషాఢంలో రెండు వానలు పడగానే మా ఇంట్లో చింతపండు డబ్బా వెనక్కి జరుగుతుంది. పప్పులోకి వాక్కాయలు వస్తాయి. ఈ ఆదివారం అరకిలో కాయలు ముందేసుకుని కూర్చున్నాను.

అమ్మ చెప్పినట్టు ముందే చేతులకు నూనె రాసుకోవలసింది. రాసుకోలేదు. చాకు తగలగానే కాయలోంచి తెల్లటి పాలు కారి, పది కాయలయ్యేసరికి వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఒక్కో కాయను రెండుగా చీల్చి, చాకు మొనతో గింజలు తీయాలి. ఓపిక లేనివాళ్లు గింజలతోనే వేసేస్తారు. ఆ బద్ధకం తినేటప్పుడు పంటికింద తగులుతుంది.

కందిపప్పు విడిగా ఉడకాలి. ముక్కలు పచ్చిమిర్చి, పసుపుతో మగ్గాక అప్పుడు కలపాలి. అన్నీ ఒకేసారి కుక్కర్లో పడేస్తే ఆ పులుపుకు పప్పు సరిగా మెదగదు. పైన ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువ పోపు. అంతే.

అన్నట్టు, బేకరీ కేకు మీద చెర్రీ అని మురిసిపోతూ తినే ఎర్రటి పండు చాలాసార్లు ఈ వాక్కాయే, రంగు వేసి పాకంలో ఊరబెట్టినది. భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే మా అబ్బాయి నమ్మలేదు. పచ్చికాయ ఒకటి కొరికి, కళ్లు గట్టిగా మూసుకుని, ఒళ్లంతా జలదరించుకున్నాడు. పప్పు మాత్రం మారు వడ్డించుకున్నాడు.

రాత్రికి గానీ వేళ్ల జిగురు వదల్లేదు, అదీ కొబ్బరినూనెతో రుద్దితే. మిగిలిన గుప్పెడు కాయలతో రేపు పులిహోర.