ఒక్క బాండలిలో ఉగ్గాని

అనంతపురంలో పుట్టినదాన్ని, ఆదివారం పొద్దున బొరుగులతో (మరమరాలతో) చేసే ఉగ్గాని లేకపోతే నాకు టిఫిన్ తిన్నట్టే ఉండదు. అసలు పనితనమంతా బొరుగులు తడపడంలోనే ఉంది. నీళ్లలో ముంచి, మెత్తబడగానే గట్టిగా పిండి తీయాలి. ఎక్కువసేపు నానితే ముద్దయిపోతాయి, నీళ్లు మిగిలితే చివర్లో చల్లే పొడి పట్టదు.

బాండలిలో నూనె కాస్త ధారాళంగానే పోసి శనక్కాయ విత్తనాలు, ఆవాలు, కరివేపాకు, ఉల్లిగడ్డలు వేయిస్తాను. పచ్చిమిరపకాయలు మాత్రం కచ్చాపచ్చాగా దంచే వేస్తాను, తరిగితే ఆ ఘాటు రాదు. టమాట మగ్గాక పసుపు, ఉప్పు, బొరుగులు. దించే ముందు పుట్నాలు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి కలిపి కొట్టిన పప్పుల పొడి బాగా చల్లాలి. ఇందులో పిసినారితనం పనికిరాదు.

కర్నూలులో ఉండే మా అక్క టమాట వేయదు, నిమ్మకాయ పిండుతుంది. అదీ బాగుంటుంది. ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జీలు మాత్రం ఇద్దరమూ వీధి చివరి బండి దగ్గరే తెప్పిస్తాం.