మొదలైన తేదీ

ఇంగ్లండ్‌కు వచ్చి మోటార్ న్యూరాన్ వ్యాధి పరిశోధనలో చేరినప్పుడు ఎక్కువ కాలం సూక్ష్మదర్శిని ముందే గడుస్తుందనుకున్నాను. నాకు అప్పగించిన పని మాత్రం వేర్వేరు దేశాల ఆసుపత్రులు పంపే రోగుల వివరాలను ఒకే పట్టికలోకి చేర్చడం. కండరాలను కదిలించే నాడీకణాలు క్రమంగా నశించిపోయే ఈ వ్యాధి ఏటా లక్షమందిలో సుమారు ఇద్దరికి మాత్రమే కొత్తగా వస్తుంది కనుక, ఏ ఒక్క దేశమూ తన రోగులతోనే దాని జన్యుమూలాలను తేల్చుకోలేదు. నెదర్లాండ్స్‌లో మొదలైన ‘ప్రాజెక్ట్ మైన్’ 15,000 మంది రోగుల, 7,500 మంది ఆరోగ్యవంతుల జీనోమ్‌లను, అంటే వారి మొత్తం జన్యుసమాచారాన్ని, పరిశీలించాలని పూనుకున్నది అందుకే.

ఆ పట్టికలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా సతాయించిన కాలమ్ ‘వ్యాధి మొదలైన తేదీ’. ఒక కేంద్రం వారు రోగి చేతిలోంచి తొలిసారి కప్పు జారిపడిన నెలను రాస్తే, మరొకరు డాక్టరు వ్యాధిని నిర్ధారించిన రోజును రాశారు. ఈ రెంటికీ నడుమ తరచు ఏడాది దాకా తేడా ఉంటుంది. లక్షణాలు కనబడిన రెండు నుంచి ఐదేళ్లలో చాలామందిని తీసుకుపోయే వ్యాధిలో ఏడాది తప్పిందంటే, ఒక జన్యుమార్పు ఆయుష్షును తగ్గిస్తుందా లేదా అన్న లెక్క తారుమారవుతుంది. పైగా 03/04 అని ఉంటే బ్రిటన్‌లో అది ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4. పరాయి భాషలో పనిచేస్తూ ఒకే మాటను ఇద్దరు రెండు అర్థాల్లో వాడడం రోజూ చూసేదాన్ని కాబట్టి ఆ తేదీలను అనుమానించాను గాని, అడిగితే ఏమనుకుంటారోనన్న సంకోచంతో ఒక కేంద్రం వివరాలను నెలరోజులు అలాగే ఉంచేశాను. అది నేను చేసిన తప్పు.

ఎస్‌ఓడీ1 జన్యువుకు ఈ వ్యాధితో ఉన్న సంబంధం 1993లో తెలిసింది. ఆ జన్యువు మీద పనిచేసే టోఫర్సెన్ మందుకు అమెరికాలో అనుమతి దొరికింది 2023లో. అది పనికొచ్చేది రోగుల్లో సుమారు 2 శాతం మందికే. 2011లో బయటపడిన, సీ9ఓఆర్‌ఎఫ్72 అనే మరో జన్యువులోని మార్పు ఐరోపా మూలాలవారిలో ఎక్కువ, ఆసియాలో బాగా తక్కువ. సేకరించిన జీనోమ్‌లలో అధికభాగం ఐరోపా మూలాలవారివే అయినందువల్ల, మిగతా ప్రపంచపు రోగుల్లోని మార్పులు మా కంటపడకుండానే ఉండిపోతున్నాయేమోనని నాకు బెంగగా ఉంటుంది.

ఈ మధ్య ఒక కేంద్రానికి ఫోను చేసి ఒక తేదీ గురించి అడిగితే, అక్కడి నర్సు రోగి భార్యను కనుక్కుని చెప్పింది: ఆమె పుట్టినరోజునాడు ఆయన చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయారట. పేరు లేకుండా సంకేతసంఖ్య మాత్రమే ఉన్న ఆ వరుసలో తేదీని పదకొండు నెలలు వెనక్కి జరిపాను.