పచ్చ ముక్కోణం ఉంటే ఎర్రలకు, అదే వానపాములకు, ఏం కాదా?

మా సిరొంచ దిక్కు మిరప తోటలు పెట్టెటోళ్లకు ఒక నమ్మకం గట్టిగ ఉన్నది, మందు ప్యాకెట్ మీద ఆకుపచ్చ ముక్కోణం కనిపిస్తే అది భూమికి కూడా ఏం చెయ్యదని. మా చిన్నాయిన కూడా గదే మాట. అసలు ఆ రంగు మనుషుల కోసం పెట్టింది, ఎలుకలకు తాపి ఎంత డోసుకు సగం చస్తయో చూస్తరు, కిలో బరువుకు 5000 మిల్లీగ్రాములు దాటితే పచ్చ, 50 లోపల అయితే ఎరుపు. మట్టిల ఉండే జీవాల ఊసే లేదందుల.

కార్బెండజిమ్ అనే బూజు తెగులు మందునే తీస్కోండ్రి. ఎలుకల్ల దాని లెక్క 5000 పైనే, కానీ ఎర్రలకు ఎంత గట్టి విషమంటే ల్యాబుల్ల పరీక్షకు పెట్టిన ఎర్రలు సరిగ్గ స్పందిస్తున్నయా లేదా చూస్కోనికి దీన్నే వాడుతరు!

ఆ పరీక్ష ఎట్లుంటదంటే, 70 శాతం ఇసుక, 20 శాతం తెల్లమట్టి, 10 శాతం పీట్ (చిత్తడి నేలల్ల సగం కుళ్లిన మొక్కల పదార్థం) కలిపి ఒక మట్టి తయారు చేస్తరు, అండ్ల మందు కలిపి ఐసీనియా ఫెటిడా అనే ఎర్రలను వదులుతరు. 1984 నాటి ఓఈసీడీ (దేశాల ఆర్థిక సహకార సంస్థ) పద్ధతిల 14 రోజులు పెట్టి ఎన్ని చచ్చినయో చూసుడే. నాకైతే అది పెద్ద లెక్కకు రాదు, ఎందుకంటే చావకుండ ఉండి పిల్లలు పెట్టుడు బంద్ చేస్తే చేన్ల ఎర్రలు మెల్లగ మాయమైపోతయి గదా. అందుకే 2004ల ఇంకో పద్ధతి వచ్చింది, నాలుగు వారాలకు పెద్దయి తీసేసి, ఇంకో నాలుగు వారాలాగి పిల్లలను లెక్కపెడ్తరు, డబ్బాను 50, 60 డిగ్రీల వేడి నీళ్లల్ల పెడితే పిల్ల ఎర్రలు పైకి ఎక్కి వస్తయి, అప్పుడు ఏరుకోవచ్చు.

ఇగ రెండో సగం, చేన్ల మందు ఎంత ఉంటదో లెక్క. ఎకరానికి 400 గ్రాముల అసలు మందు పడ్డదనుకుందాం, పై 5 సెంటీమీటర్ల మట్టిలనే కలుస్తదని పెట్టుకుంటే ఆ మట్టి దాదాపు 3 లక్షల కిలోలు, అంటే కిలో మట్టికి 1.33 మిల్లీగ్రాములు. ఆకుల మీద ఆగింది తీసేస్తరు, మళ్లమళ్ల కొడితే మిగిలింది కలుపుతరు. పిల్లలు పెట్టే పరీక్షల ఏ నష్టం కనిపించని మోతాదు కిలో మట్టికి 5 మిల్లీగ్రాములు అనుకోండ్రి, దాన్ని 1.33తో భాగిస్తే 3.75. యూరప్‌ల పురుగు మందులకు ఇది కనీసం 5 ఉండాలె, అంటే ఈ మందు ఇక్కడ ఆగిపోయినట్టే, ఇగ నిజం పొలంల పరీక్ష పెట్టి ఏం కాలేదని చూపియ్యాలె.

లెక్క బాగనే ఉన్నది, నాకు అనుమానం అంతా ఆ మట్టి మీద, ఆ ఎర్ర మీద. ఐసీనియా పెంట కుప్పల బతికే జాతి, మన దగ్గర వర్మీ కంపోస్టు తొట్లల్ల వేసేది గదే, రేగడి చేన్ల ఉండే ఎర్ర వేరే. పరీక్ష 20 డిగ్రీల చుట్టుపక్కల నడుస్తది, మా దగ్గర ఎండలు 45 చూస్తయి. పైగా 10 శాతం పీట్ ఉన్న మట్టి కొన్ని మందులను పట్టేసుకుంటది, ఎర్ర దాక రానియ్యదు, మన చేన్ల సేంద్రియ కర్బనం 1 శాతం ఉంటే మస్తు. నూనెల కరిగే మందులకైతే ఇందుకే వచ్చిన అంకెను సగం చేస్తరు, మంచి పనే, కానీ మనోళ్లు ఒకే పంపుల రెండు మూడు మందులు కలిపి కొడ్తరు, పరీక్ష మాత్రం చానాసార్లు ఒక్కో మందుకే. ఇగ కాపర్ మందులైతే ఇంకో కథ, రాగి ఎన్నేండ్లయినా కరిగిపోయేది కాదు, కొట్టిన ప్రతిసారి పై మట్టిల జమ అయితనే ఉంటది.

ఇదంతా చెప్తే చిన్నాయిన "అయితే మన తోటలనే చూద్దాం పా" అన్నడు. గట్టు మీద ఒక గుంత, తోట నడుమ ఒక గుంత, ఒకటే కొలత తవ్వి లెక్కపెట్టాలె. ఎండాకాలం తవ్వితే మాత్రం దండుగ, నేల పగిలినంక ఎర్రలు లోతుకు దిగిపోతయి. వానలు ఇంకా ఉండంగనే, మట్టి పదును మీద ఉన్నప్పుడు తవ్వాలె, అది కూడా మందు కొట్టకముందు ఒకసారి, కొట్టినంక కొన్నాళ్లకు ఇంకోసారి.